తునికిగుట్ట కోటలో మాయమైన వకీలు

మంచిర్యాల స్టేషన్ రోడ్డులో ఒక బియ్యం దుకాణం మీది గదిలో లక్ష్మీరాజం కార్యాలయం ఉండేది. నిజాం కాలంలో ఆయన పోలీసు అమీన్. పోలీసు యాక్షన్ తర్వాత కొలువు విడిచిపెట్టి, సొంతంగా నేర పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన దశరథానికి తన గురువు కన్ను పడితే గోడ కూడా నిజం చెబుతుందని నమ్మకం.

పందొమ్మిది వందల అరవై కార్తీకంలో ఒక ఉదయం, ఆ గది గడప దగ్గర ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. ద్వారబంధాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"పోయిన మనుషులను గీడనే ఎతుకుతరంట గదా సారూ?"

"కూసో తల్లీ. పోయిందెవరు? నీ పెనిమిటా?"

"కాదు సారూ. నా పెనిమిటి ఏడున్నడో నాకెరుకే. ఠాణాల ఉన్నడు. పోయింది వకీలు దొర. ఆయన దొరికితేనే మావోడు ఇంటికొస్తడు."

లక్ష్మీరాజం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. విషయం నచ్చినప్పుడు ఆయన చేసే పని అది. దశరథం కుర్చీ ముందుకు జరిపాడు.

ఆమె పేరు కొమురవ్వ. ఖానాపూర్ దాటినాక అడవి అంచున తునికిగూడెం వాళ్లది. ఊరి వెనక తునికిగుట్ట, గుట్ట మీద చెట్లు కమ్మేసిన పాత కోట. కరీంనగర్‌లో పేరున్న వకీలు జనార్దన్‌రావుకు ఆ కోటంటే పిచ్చి. ఏటా వానలు వెనకపట్టగానే భార్య జానకీబాయితో వచ్చి, ఊళ్లో ఉన్న బావమరిది విఠల్‌రావు ఇంట్లో దిగేవాడు. కొమురవ్వ భర్త భూమన్న గొడ్డలితో పొదలు కొట్టి దారి చేస్తుంటే, వకీలు ఆ గోడలను, బురుజులను ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగేవాడు.

"వారం అయితుంది సారూ, గా దినం గూడ ఇద్దరే పోయిన్రు," అన్నది కొమురవ్వ. "దూపైతుంది, వాగుకు పోయి నీళ్లు తెమ్మన్నడట దొర. మావోడు తెచ్చేసరికి మనిషి లేడు. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఊళ్లెకు ఉరికొస్తుంటే చెల్కల కాడ విఠల్‌రావు దొర చూసిండు. పొదలు కొట్టంగ మావోని ఏలు తెగింది సారూ, గొడ్డలికి నెత్తురున్నది. గంతే, దొర ఏలుకున్న ఉంగరం కోసం నరికి ఏన్నో పాతిపెట్టిండని ఠాణాకు పట్టిచ్చిన్రు."

"అడవి ఎతికిండ్రా?"

"ఊరంత ఎతికిన్రు. పులి ఎత్కపోయిందని కొందరన్నరు. ఇగ ఎతుకుడు బందు జేసిన్రు."

"నీ పెనిమిటి చెయ్యలేదని నీకెట్ల ఎరుక?"

కొమురవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గుట్ట మీద ఇద్దరు ఒక్కకాడ కూసోని సద్ది తింటరు సారూ. మావోణ్ణి 'అన్నా' అని పిలుస్తడు గంత పెద్ద దొర. ఠాణాల మావోడు ఏడుస్తుండు. తనకోసం గాదు, ఆయనకోసం."

లక్ష్మీరాజం లేచి కళ్లజోడు పెట్టుకున్నాడు. "దశరథం, లక్సెట్టిపేట బస్సు ఎప్పుడో కనుక్కో."

* * *

ఠాణాలో భూమన్న గోడకు ఆనుకొని కూర్చున్నాడు. సన్నని మనిషి, గడ్డం పెరిగింది. లక్ష్మీరాజం అతని రెండు చేతులూ వెలుతురులోకి తిప్పి చూశాడు. ఎడమ చూపుడు వేలుకు గుడ్డపీలిక కట్టి ఉంది. కొడవలిగానీ గొడ్డలిగానీ జారితే పడే కోతే అది.

"గా దినం ఏ దిక్కు దారి చేసినవ్?"

"తూర్పు దర్వాజ కాడ సారూ. రాతి మీద రాతలున్నయేమో చూద్దమన్నడు దొర. పడమటి దిక్కు పోలే. గా దిక్కు మేమెవ్వలం పోం." భూమన్న గొంతు తగ్గించాడు. "సారూ, నాకేమన్న గానీ. ఆయన ఏడనో పడి ఉన్నడు. జర ఎతుకుండ్రి."

విఠల్‌రావు ఇల్లు ఊరికి పెద్దది. వసారాలో నవారు మంచం మీద జానకీబాయి కూర్చుని ఉంది. ముందు పెట్టిన అన్నం అలాగే ఉంది. లక్ష్మీరాజం ఎవరో, ఎవరి తరఫున వచ్చాడో తెలియగానే ఆమె ముఖం గట్టిపడింది.

"కొమురవ్వ పంపిందా మిమ్మల్ని? నా భర్త ఏమైండో వాని నోట చెప్పియ్యండి. అంతకన్న నాకేం వద్దు."

"భూమన్న మీద అనుమానం మీకే వచ్చిందా అమ్మా?"

"తమ్ముడు చెప్పిండు. నెత్తురు గొడ్డలితో వాడు ఉరుకుతుంటే విఠలు కళ్లార చూసిండు. అప్పుడే ఠాణాకు కబురు పంపిన." ఆమె పక్కన నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది. "అందరు ఎతుకుడు బందు జేసిన్రు గానీ, వీడు మాత్రం రోజూ తెల్లారంగనే బావను ఎతకపోతుండు. మనిషి సగమైండు."

విఠల్‌రావుకు ముప్పై దాటి ఉంటాయి. ఎండ మండుతున్నా నిండు చేతుల చొక్కా, మణికట్ల దగ్గర గుండీలు పెట్టుకొని ఉన్నాడు. అక్క మాటకు తల దించుకున్నాడు.

"మీరు ఎతికేది ఏ దిక్కు?" లక్ష్మీరాజం అడిగాడు.

"వాగు వెంబడి. పులి గుంజుకపోతే గటే పోతది."

"కోటలకు పోలేదా?"

"కోటల మిగతావాళ్లు ఎతికిన్రు. నేను చిన్నప్పుడు పోయిన్నే గానీ, గీ మధ్యల దర్వాజ గూడ దాటలే."

"బావగారికి ఎవరితోనన్న పగ ఉన్నదా?"

"పగ అని గాదు. కాలువ మీద మోరీలు కట్టే గుత్తేదారు అంతయ్యతోని మొన్న పెద్ద లొల్లి అయింది. కోట రాళ్లు తెచ్చి కడుతున్నవని బావ అరిసిండు."

పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుంటుండగా, బావి దగ్గర బట్టలు పిండుతున్న చాకలి బాలవ్వ లక్ష్మీరాజం కంటపడింది. ఆమె ఒక గుడ్డ పిండుతుంది, ఆపి మోచేతుల దాకా గోక్కుంటుంది, మళ్లీ పిండుతుంది. చర్మం ఎర్రగా దద్దుర్లు తేలింది.

"చేతులకేమైంది అవ్వా?"

"ఏం దురదనో సారూ, పానం తీస్తున్నది. రాత్రికి జర తగ్గుతది. పొద్దుగాల గీ ఇంటి బట్టలు ముట్టంగనే మల్ల సురువైతది."

"బట్టలుతికే సౌడు మార్చినవా?" దశరథం అడిగాడు.

"సౌడు పాతదే బిడ్డా."

"ఎప్పటిసంది గిట్ల?" అన్నాడు లక్ష్మీరాజం.

బాలవ్వ ఆలోచించింది. "వకీలు దొర పోయిన తెల్లారి నుంచి. రోజు తప్పలే."

లక్ష్మీరాజం ఆమెకు దండం పెట్టి బయటికి వచ్చాడు.

అంతయ్య కాలువ గట్టు మీద దొరికాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సగం లేచిన మోరీలో నున్నగా చెక్కిన రాళ్లు పేర్చి ఉన్నాయి. ఒక రాయి మీద సగం తామర పువ్వు కనబడుతోంది.

"మంచి రాళ్లు," అన్నాడు లక్ష్మీరాజం.

"కొన్నయి. దొంగతనం చెయ్యలే."

"ఎవరి కాడ?"

"గది మీకెందుకు? వకీలు సాబు గూడ గిదే అడిగిండు. నేను చెప్పలే. యాపారంల ఒకరి పేరు ఒకరికి చెప్పుడు నాకు అలవాటు లేదు. నా మీద అనుమానముంటే అమీన్‌సాబును పంపుండ్రి."

అతను వెనక్కి తిరిగి మేస్త్రీల మీద అరవసాగాడు. దారిలో దశరథం ఆగలేకపోయాడు. "గురువుగారూ, ఇంకా చూసేదేమున్నది? పట్టుబడుతననే భయం వీనికే గదా!"

"భయపడేవాడు తామర పువ్వు ఉన్న రాయిని ముఖానికి పెట్టి కడతడా దశరథం? లోపలికి తిప్పి కట్టడూ?"

* * *

కోట చూపించడానికి కొమురవ్వే ముందు నడిచింది. గుట్ట ఎక్కేసరికి ఎండ టేకు చెట్ల మీదికి వచ్చింది. తూర్పు దర్వాజ కమాను ఇంకా నిలబడే ఉంది. దాని నెత్తిన మొలిచిన జువ్విచెట్టు వేళ్లు రాళ్ల సందుల్లోకి దిగి, అది పడిపోకుండా పట్టుకున్నది అవే అన్నట్టుగా అల్లుకున్నాయి. లోపల మనిషెత్తు గడ్డి, సీతాఫలం పొదలు. కాయలు పండి, పగిలి, నేలరాలి, ఆ వాసనకు ఈగలు ముసిరాయి. ఒకప్పుడు గుర్రాలు కట్టిన చోట కందిరీగల గూడు. బురుజు మెట్లు సగం దాకా వెళ్లి గాలిలో ఆగిపోయాయి.

దశరథం నోరు తెరుచుకొని చూశాడు. ఇంత కోట అడవిలో ఉన్నదని మంచిర్యాలలో ఎవరికి తెలుసు?

ఆలోగా లక్ష్మీరాజం లోపలి గోడ ముందు ఆగాడు. బయటి నుంచి చూస్తే పొదలే. పొదలు తప్పించి చూస్తే, గోడలో సగం రాళ్లు లేవు. పీకిన చోట రాయి కొత్తగా తెల్లగా మెరుస్తోంది. గోడ వెంట పడమరకు బండి గాడి పడి ఉంది. ఆ గాడి కూలిన ప్రాకారంలోంచి దిగి, కింద ఒక మెట్ట చెల్కలోకి పోయింది.

"ఆ చెల్క ఎవరిది కొమురవ్వా?"

"విఠల్‌రావు దొరది."

గాడి పక్కనే పడమటి బురుజు నీడలో తీగలు దట్టంగా అల్లుకొని ఉన్నాయి. వాటి నిండా బంగారు రంగు నూగుతో వంకర కాయలు వేలాడుతున్నాయి. దశరథం ఒక కాయ అందుకోబోయాడు.

"ముట్టకుండ్రి సారూ!" కొమురవ్వ కేక పెట్టింది. "దూలగొండి! గా నూగు తాకితే ఒళ్లు గోక్కొని గోక్కొని సస్తరు. బట్టలకు అంటినా పోదు. గందుకే గీ దిక్కు ఎవ్వలు రారు. ఎతకొచ్చినోళ్లు గూడ దూరంకెల్లే చూసి పోయిన్రు."

లక్ష్మీరాజం కదలకుండా నిలబడ్డాడు. తర్వాత ఆయన మాటలు తొందరగా వచ్చాయి.

"దశరథం, బాలవ్వ చేతులు యాదికున్నయా? ఒక మనిషి ఒక్కసారి ఇక్కడికి వచ్చిపోతే, ఆ బట్టలు పిండిన నాడే దురద. ఆమెకు రోజూ వస్తున్నది. అంటే ఆ ఇంటి మనిషి రోజూ ఈ తీగలల్ల దూరుతున్నడు. చచ్చిన మనిషి కాడికి రోజూ ఎవడన్న వస్తడా?"

దశరథానికి అర్థమయ్యే లోపలే కొమురవ్వ టేకు ఆకులు తెంపి చేతులకు చుట్టుకుంటోంది. పొద మధ్యలో ఒకచోట తీగలు వాడి, ఆకులు ముడుచుకొని ఉన్నాయి. చుట్టూ పచ్చగా ఉన్నవాటి నడుమ అవి వేరులేని తీగలు. కోసి తెచ్చి కప్పినవి. కొమురవ్వ వాటిని లాగి పారేసింది. కింద ఒక పలకబండ. బండకూ నేలకూ మధ్య చెయ్యి పట్టేంత సందు.

అది కోటవాళ్లు ధాన్యం దాచుకునే పాతర.

ఆమె సందు దగ్గర నోరు పెట్టి, "వకీలు దొరా!" అని పిలిచింది.

ఏమీ వినబడలేదు. మళ్లీ పిలిచింది. అప్పుడు లోపలి నుంచి, ఎండిన గొంతు ఒకటి, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుగా పలికింది.

"భూమన్నా... నీళ్లు తెచ్చినవా?"

కొమురవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది.

ముగ్గురూ కలిసి బండ పక్కకు జరిపారు. కొమురవ్వ చించి ఇచ్చిన కొంగును, తన పంచెను తాడులా ముడివేసి, దాన్ని పట్టుకొని దశరథం లోపలికి దిగాడు. వకీలు కాలు విరిగి, జ్వరంతో కాలిపోతున్నాడు. ఆయన చుట్టూ సీతాఫలం తొక్కలు, గింజలు. పక్కన తాడు కట్టిన ముంతలో అడుగున కొన్ని నీళ్లున్నాయి.

* * *

వకీలును ఇంటికి చేర్చాక డాక్టర్ వచ్చి కాలికి కట్టు కట్టాడు. జ్వరం దిగింది. మరునాడు పొద్దున లక్ష్మీరాజం అందరినీ విఠల్‌రావు ఇంటి వసారాకు పిలిపించాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ భూమన్నను వెంటబెట్టుకొని వచ్చాడు. అంతయ్య స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. బాలవ్వ, కొమురవ్వ గడప దగ్గర కూర్చున్నారు. మంచం మీద జనార్దన్‌రావు, ఆయన తలాపున జానకీబాయి. విఠల్‌రావు మూలకు ఉన్నాడు.

వకీలు ముందుగా భూమన్నను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత సబ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఇందుల ఎవరి తప్పూ లేదు. నేనే కాలు జారి పాతరల పడ్డ. భూమన్నను విడిచిపెట్టుండ్రి. కేసు బందు జెయ్యుండ్రి."

"సంతోషం," అని లేవబోయాడు సబ్ ఇన్‌స్పెక్టర్.

"కాలు జారి పడ్డ మనిషి తన మీద తానే బండ కప్పుకుంటడా వకీలు గారూ?" అన్నాడు లక్ష్మీరాజం. "బండ మీద దూలగొండి తీగలు కోసి తానే వేసుకుంటడా?"

వకీలు కళ్లు మూసుకున్నాడు.

"మీరెందుకు చెప్పరో నాకెరుకే. గానీ జరిగింది నేను చెప్తా. భూమన్నను వాగుకు పంపినంక మీరు తిరుగుకుంట లోపలి గోడ కాడికి పోయిన్రు. సగం గోడ లేదు. అక్కడ ఒక మనిషి ఒక్కడే రాళ్ల లెక్క చూసుకుంటున్నడు. మీకు ఆ మనిషి తెలిసినవాడే. మాట మాట పెరిగింది. అతడు నెట్టిండు, మీరు పాతరల పడ్డరు. సచ్చిపోయిండ్రనుకున్నడు. బండ జరిపిండు, ఎవరూ రాకుండ తీగలు కోసి కప్పిండు. అప్పుడే అతని ఒంటికి, బట్టలకు నూగు అంటింది."

ఆయన సబ్ ఇన్‌స్పెక్టర్‌ను అడిగాడు. "భూమన్నను పట్టుకొచ్చిన నాడు అతను ఒళ్లు గోక్కున్నడా?"

"లేదు. ఒళ్లు శుభ్రంగనే ఉండె."

"అంతయ్యా, నీ బట్టలు ఎవరు ఉతుకుతరు?"

"క్యాంపుల నా భార్య. ఆమె చేతులకేం కాలే, వచ్చి చూసుకోండ్రి."

"బాలవ్వ ఉతికేది ఈ ఒక్క ఇంటి బట్టలే. వకీలు గారు పోయిన తెల్లారి నుంచి రోజూ ఆమె చేతులకు దురద. ఈ ఇంట్ల రోజూ తెల్లారంగనే బయటికి పోయేది ఒక్కరే. కోట దర్వాజ గూడ దాటలేదని నాతోని అన్నది గూడ ఆయనే." లక్ష్మీరాజం మూలకు తిరిగాడు. "విఠల్‌రావు గారూ, జర చొక్కా చేతులు మీదికి మడవండి."

విఠల్‌రావు కదల్లేదు. జానకీబాయి లేచి తమ్ముడి దగ్గరికి వెళ్లింది. తానే గుండీ విప్పి చెయ్యి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా గోళ్ల గీతలు, పుండ్లు.

"విఠలూ," అన్నది. మడిచిన చొక్కా చెయ్యి వదిలేసింది.

"నెట్టాల్నని నెట్టలే అక్కా." విఠల్‌రావు గోడ వెంట కిందికి జారి కూర్చున్నాడు. "సర్కారుకు రాస్తనన్నడు బావ. నన్ను ఊరి ముందర దొంగను చేస్తవా అని గల్లా పట్టిన. పడిపోయిండు. సచ్చిండనుకొని కప్పేసిన. తెల్లారి పోతే మూలుగు వినొచ్చింది. నీళ్లు దించిన, పండ్లు వేసిన. రోజూ బండ తీద్దామనే పోయిన అక్కా. తీస్తే నా గతేందని, మల్ల తీగలు కప్పి వచ్చిన."

"రాళ్లు నీ పట్టా భూమివని చెప్తివి గదయ్యా!" అంతయ్య గొంతు మొదటిసారి చిన్నదైంది.

జనార్దన్‌రావు మోచేతుల మీద లేవబోయాడు. "లక్ష్మీరాజం గారూ, చీకట్ల ఆ ముంత దిగినప్పుడల్లా నేను దేవునికి దండం పెట్టిన. నన్ను పడేసింది వాడే, బతికిచ్చింది గూడ వాడే. జానకి వాణ్ణి చంకలేసుకొని పెంచింది. నేను మాఫ్ చేసిన. ఇడిసిపెట్టుండ్రి."

"మీ కాలు విరిగింది, మీరు మాఫ్ చెయ్యొచ్చు," అన్నాడు లక్ష్మీరాజం మెల్లగా. "కానీ మీరు బతికున్నరని తెలిసి గూడ ఈయన భూమన్నను ఠాణాల ఉండనిచ్చిండు. దాన్ని మాఫ్ చేసే హక్కు మీకు లేదు, నాకు లేదు."

అందరి చూపూ భూమన్న మీదికి పోయింది.

"శిక్ష సంగతి సర్కారు చూసుకుంటది సారూ. నాకు ఒక్కటే కావాలె. మా పిల్లలను దొంగ పిల్లలని ఊళ్లె అన్నరు. విఠల్‌రావు దొర చావడి కాడ నిలబడి, భూమన్న ఏం చెయ్యలే అని తన నోటితోని చెప్పాలె. గంతే."

విఠల్‌రావు లేచాడు. ఎవరూ పట్టుకోకుండానే చావడి దాకా నడిచాడు. ఊరు ఊరంతా వినేలా ఆ మాట చెప్పాడు. తర్వాత సబ్ ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కాడు. మంచం మీద వకీలు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అంతయ్య దశరథం దగ్గరికి వచ్చి, మోరీలో పెట్టిన పూల రాళ్లన్నీ విప్పి గుట్ట మీదికి చేరుస్తానని, వకీలు సాబుకు ఆ మాట చెప్పమని అడిగాడు.

వసారాలో జానకీబాయి స్తంభం పక్కన నిలబడి ఉంది. భూమన్న, కొమురవ్వ పోవడానికి మెట్లు దిగుతుంటే ఆమె గబగబా వెళ్లి కొమురవ్వ రెండు చేతులూ పట్టుకుంది. నిన్న తీగలు లాగినప్పుడు ఆకులు చిరిగిన చోటల్లా ఆ చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"నా తమ్ముడి మాట నమ్మి నీ ఇంటాయన్ను ఠాణాల వేయించిన," అన్నది జానకీబాయి. "నువ్వు నా ఇంటాయన్ను పాతరలకెల్లి తెచ్చి నాకిచ్చినవ్. నీకు ఏమని దండం పెట్టాలె కొమురవ్వా?"

ఆమె వంగబోతుంటే కొమురవ్వ ఆపింది. పట్టుకున్న చేతులు విడిపించుకోలేదు. లోపల తాకకుండా ఉన్న అన్నం పళ్లెం వైపు ఒకసారి చూసింది.

"దండాలెందుకు దొరసానీ? ఆయన బతికుండి నీళ్లడిగిండు గనకనే మావోడు నాకు దక్కిండు," అని, జానకీబాయిని పట్టుకొని నడిపించి పీట మీద కూర్చోబెట్టింది. "గిన్ని దినాలసంది ఏం తినలేదట. ముందుగాల రెండు బుక్కలు తిను తల్లీ. నేను గీన్నే కూసుంటా."